గుడ్డ ఏనుగుతో బెజవాడలో రెండు రోజులు: కుట్టడం దగ్గర్నుంచి తిప్పి తీసుకురావడం దాకా

"ఈ ఏనుగు ఎక్కడ కొన్నారు?" అని రైల్లో అడుగుతారు, టిఫిన్ సెంటర్లో అడుగుతారు, ఆటో దిగేటప్పుడు డ్రైవర్ కూడా అడుగుతాడు. కొనలేదు, కుట్టాను అంటే వెంటనే రెండో ప్రశ్న: "మరి ఊళ్లు ఎందుకు తిప్పుతున్నారు?" ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి మూడోది: "నాకూ చెప్తారా ఎలాగో?" మొదటి రెండింటికీ ఒక్కో మాటలో జవాబు అయిపోతుంది. మూడోదాన్ని ఇన్నిసార్లు అడిగారు కాబట్టి ఒక్కసారి కూర్చుని రాసేస్తున్నాను.

ముందే ఒక మాట. బొమ్మను ఇంట్లో పూర్తి చేయకండి. వీపు ఖాళీగా ఉంచి బయల్దేరండి. దాని మీద వేసే అంబారీ గుడ్డ వెళ్లిన ఊళ్లోనే వెతికి, అక్కడే కూర్చుని కుట్టాలి. పూర్తయిన బొమ్మను పట్టుకెళ్తే అది ఫోటోలకు నిలబడటం తప్ప చేసే పనేమీ ఉండదు. సగం బొమ్మ అయితే మిమ్మల్ని కొట్ల వెంట, మగ్గాల వెంట తిప్పుతుంది.

విజయవాడనే ఎందుకు తీసుకున్నానంటే, ఒకవైపు సుమారు 20 కిలోమీటర్లలో కొయ్య ఏనుగులు చేసే కొండపల్లి ఉంది, ఇంకోవైపు 12 కిలోమీటర్ల దూరంలో బట్ట నేసే మంగళగిరి ఉంది. శనాదివారాల్లో రెండూ అయిపోతాయి. వెళ్లేది నవంబరు, ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. మే నెలలో వెళ్తే ఆ ఊరిని బ్లేజ్‌వాడ అని ఎందుకంటారో ఏనుక్కి కూడా అర్థమవుతుంది.

కావలసినవి

- పాత నూలు చీర గానీ లుంగీ గానీ, రెండు జానల ముక్క. బాగా ఉతికి ఉతికి మెత్తబడినదైతే మంచిది. సిల్కు, సింథటిక్ వద్దు, చేతికుట్టుకు జారిపోతాయి.
- పాత దిండులోని ఫైబర్, రెండు గుప్పిళ్లు. బూరుగు దూది కూడా పనికొస్తుంది, కానీ కుట్టు సందుల్లోంచి నలకలు బయటికి వస్తాయి.
- ఎండిన చింతపిక్కలు ఒక గుప్పెడు, వాటిని మూటకట్టడానికి చిన్న పేలిక.
- సూది, గట్టి దారం, గుండుసూదులు, చిన్న కత్తెర, పెన్సిలు, పాత దినపత్రిక.
- నల్ల దారం, కళ్లకు.
- ప్రయాణానికి వేరుగా: రెండు సూదులు, రెండు రంగుల దారం, ఒక జిప్ కవరు. విమానంలో వెళ్లేవాళ్లు కత్తెరను చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ లగేజీలో పెట్టండి.

కుట్టు మిషను అక్కర్లేదు. ఉన్నా ఈ సైజు బొమ్మకు చేతికుట్టే నయం, తొండం వంపు దగ్గర మిషను మాట వినదు.

ఒకటో భాగం: ఏనుగు (బుధ, గురువారాల్లో సాయంత్రం రెండేసి గంటలు)

1. పేపరు మీద ఏనుగును పక్కనుంచి చూసినట్టు గీయండి. తొండంతో కలిపి పొడవు 14 సెం.మీ., ఎత్తు 10 సెం.మీ. నాలుగు కాళ్లూ విడివిడిగా గీయకండి. కాళ్లన్నీ కలిసిన దిమ్మలాగా, కింద 10 సెం.మీ. తిన్నని గీత వచ్చేట్టు గీయాలి. కాళ్ల మధ్య సందును తర్వాత దారంతో చూపిస్తాం. తొండం ఎక్కడా 2.5 సెం.మీ. కంటే సన్నగా ఉండకూడదు. అంతకంటే సన్నగా కుడితే తిరగేసేటప్పుడు గుడ్డ చిరుగుతుంది, లేదా మీ ఓపిక పోతుంది.

2. అడుగుకు పడవ ఆకారంలో, రెండు కొనలూ సూదిగా ఇంకో ముక్క గీయండి. పొడవు 9 సెం.మీ., మధ్యలో వెడల్పు 4 సెం.మీ. పైన కాళ్ల గీత 10 అయితే ఇది 9 ఏమిటని అందరూ అడుగుతారు. పడవ అంచు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి, 9 సెం.మీ. పడవకు ఆ వంపు వెంట టేపు పెట్టి కొలిస్తే 10 వస్తుంది. ఇది తెలియక పడవను కూడా 10 కోసేవాళ్లే ఎక్కువ. వాళ్ల ఏనుగు పాదాల చుట్టూ ముడతలు పడి, గౌను వేసుకున్నట్టు ఉంటుంది.

3. గుడ్డ మీద పేపరు పెట్టి గీసి, గీత చుట్టూ 1 సెం.మీ. వదిలి కత్తిరించండి. ఒళ్లు రెండు ముక్కలు (ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా, తిరగేసి), అడుగు ఒకటి, చెవులు నాలుగు. రెండు ఒళ్లూ ఒకే వైపుకు కోసేస్తే ఒక ముక్క వృథా. గుడ్డను మడిచి రెండు పొరలూ కలిపి కోస్తే ఆ తప్పు జరగదు.

4. మంచి వైపులు లోపలికి వచ్చేట్టు రెండు ఒళ్లూ కలిపి గుండుసూదులు గుచ్చండి. వెనక పాదం మూల నుంచి మొదలుపెట్టి వీపు, తల, తొండం మీదుగా ముందు పాదం మూల దాకా కుట్టండి. తోక దగ్గర 4 సెం.మీ. వదిలేయండి, కూరడానికి దారి అదే. కుట్టేటప్పుడు సూదిని ఒక కుట్టు ముందుకు తీసి, సగం వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు తీయాలి. టైలర్లు బ్యాక్ స్టిచ్ అంటారు. ఊరికే ముందుకు పోయే టాకా కుట్టు అయితే ఫైబర్ కూరగానే నోళ్లు తెరుస్తుంది.

5. అడుగున పడవ ముక్కను గుచ్చి, రెండు కొనలు ముందు వెనక మూలలకు సరిగ్గా వచ్చేట్టు చూసుకుని, చుట్టూ కుట్టండి.

6. తొండం కింది వంపులోను, గడ్డం కింద, వదిలిన అంచు మీద కత్తెర కొనతో చిన్న చిన్న గాట్లు పెట్టండి. గాటు కుట్టుకు 2 మి.మీ. దూరంలో ఆగిపోవాలి. ఈ అడుగు వదిలేస్తే తొండం ఎంత కూరినా బిగుసుకుని పక్కకు తిరుగుతుంది. నాకు వచ్చే ఫోటోల్లో సగం మంది ఏనుగులకు ఇదే జబ్బు.

7. తిరగేయండి. పెన్సిలు వెనక వైపుతో తొండం కొనను మెల్లగా బయటికి నెట్టండి. మొన వైపు వాడకండి, గుడ్డలో బొక్క పడుతుంది.

8. ముందు తొండం కూరండి, చిటికెడు చిటికెడు చొప్పున. తర్వాత చింతపిక్కల్ని పేలికలో మూటకట్టి అడుగున పరవండి. ఆ తర్వాతే ఒళ్లు. పిక్కలు లేకుండా కూరితే తొండం బరువుకు ఏనుగు ముందుకు బోర్లా పడుతుంది. బియ్యం, పెసలు పోయకండి, రెండు నెలల్లో పురుగు పడుతుంది. చింతపిక్కలు దొరక్కపోతే కడిగి ఆరబెట్టిన సన్న గులకరాళ్లు వాడొచ్చు.

9. కంత మూసేయండి. చెవులు రెండేసి ముక్కలు కలిపి కుట్టి తిరగేసి, తలకు పై అంచు మాత్రమే కుట్టండి. కాళ్ల మధ్య గీత, కళ్లు నల్లదారంతో. గుండీ కళ్లు అందంగానే ఉంటాయి గానీ మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో వద్దు, ఊడొచ్చి నోట్లోకి వెళ్తాయి. తోకకు మూడు పేటల దారం జడ అల్లితే చాలు.

10. వీపు మధ్యలో గట్టి దారంతో ఉంగరంలాంటి మడత ఒకటి కుట్టండి, వేలు పట్టేంత. దారం అటూ ఇటూ కనీసం ఐదుసార్లు గుడ్డలోంచి వెళ్లాలి. ఇది అలంకారం కాదు. ఎందుకో బ్యారేజీ దగ్గర చెప్తాను.

*బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి.* కంచం మీద నిలబెట్టి కంచాన్ని కొంచెం వంచండి. కంచం కింద రెండు వేళ్లు పట్టేంత వంపుకు పడకపోతే బరువు సరిపోయినట్టే. కుట్టుకు అటూ ఇటూ పట్టుకుని లాగండి. దారం మధ్య తెల్లగా ఫైబర్ కనబడితే ఆ మేరకు మళ్లీ కుట్టండి. తడి తెల్ల చేతిరుమాలుతో రుద్దండి. రంగు అంటితే ఉప్పునీళ్లలో నానబెడితే ఆగుతుందని నమ్ముకోకండి, వేరే గుడ్డతో ఇంకోటి కుట్టండి. లేకపోతే బ్యాగులోని తెల్ల చొక్కా మీ ఏనుగు రంగుకు వస్తుంది.

కుట్టడం అసలు రాదా? పాత సాక్సు ఒకటి తీసుకుని, మడమను తలగా, వేళ్ల వైపును తొండంగా కట్టేయండి. కుక్కలాగా ఉన్నా పర్వాలేదు, అంబారీ వేశాక ఏనుగే అనుకుంటారు.

రెండో భాగం: శనివారం, కొండపల్లి

1. పొద్దున్నే టిఫిన్ చేసి బయల్దేరండి. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్లో వెన్నముద్దతో ఇడ్లీ తినేవాళ్లు తినండి, కానీ తింటున్నంతసేపూ బొమ్మ బ్యాగులోనే ఉండాలి. వేరే ఊళ్లో ఒక హోటల్లో ఫోటో కోసమని ప్లేటు పక్కన నిలబెడితే, నెయ్యి కారప్పొడి చెవికి అంటుకుంది. మూడుసార్లు ఉతికినా ఆ చెవి ఇప్పటికీ ఎర్రగానే ఉంది.

2. కొండపల్లికి విజయవాడ నుంచి సిటీ బస్సులున్నాయి, రైల్వే స్టేషను కూడా ఉంది. ఆటో మాట్లాడుకుంటే రానూ పోనూ కలిపి మాట్లాడుకోండి. బొమ్మల కాలనీ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

3. ముందే కొనడానికి దిగకండి. ఒక ఇంటి ముందు ఆగి, "చూడొచ్చాండీ?" అని అడిగి కాసేపు నిలబడండి. చాలామంది కాదనరు. తెల్ల పొణికి అనే తేలికపాటి కర్రను ఎండబెట్టి, సన్నని సెగకు తడి పోగొట్టి, ఒక్కో భాగం విడిగా చెక్కుతారు. ఏనుగు చెవి వేరు, తొండం వేరు, మావటి చెయ్యి వేరు. వాటిని అతికించేది చింతపిక్కల బంకతో. దాంట్లో రంపం పొట్టు కలిపి మక్కు చేసి సందులు పూడుస్తారు, నున్నగా రుద్ది సుద్ద పూసి రంగు వేస్తారు. మొదటిసారి అది విన్నప్పుడు నా చేతిలోని ఏనుగును ఒకసారి ఊపి చూపించాను. లోపల పిక్కలు కదిలిన చప్పుడు విని ఆ పెద్దాయన, "అయితే మీదీ మా చుట్టమేనండీ" అన్నారు.

4. అంబారీ ఏనుగు ఎదురుగా మీ ఏనుగును నిలబెట్టి, పక్కనుంచి ఒక ఫోటో తీసుకోండి. ఇది జ్ఞాపకానికి కాదు, రేపటి కుట్టుకు నమూనా. చూడాల్సినవి మూడు: వీపు మీది గుడ్డ కిందికి ఎంత దాకా వేలాడుతోంది, అంచు ఏ రంగు, నుదుటి మీద పట్టం ఎలా ఉంది. ఒక కాగితం మీద గీసుకుంటే ఇంకా మంచిది.

5. ఫోన్ను బొమ్మ కంటి ఎత్తుకు దించి తీయండి. నిలబడి పైనుంచి తీస్తే ఏనుగు ఎలుకలా పడుతుంది. బొమ్మ ఫోనుకు ఒక మూరెడు దూరంలో, కొయ్య బొమ్మలు దాని వెనక. తెర మీద బొమ్మ కంటిని తాకి, ఫోకస్ కుదిరాక నొక్కండి.

మనుషుల్ని, పని జరిగే చోటును అడక్కుండా తీయకండి. ఆరని రంగు మీదికి మీ బొమ్మను ఆనించకండి. అంతసేపు చూసి, అన్ని ప్రశ్నలు అడిగి ఉత్త చేతులతో రావడం కూడా బాగుండదు. ఒక చిన్న బొమ్మైనా తీసుకోండి, సంక్రాంతి కొలువులోకి పనికొస్తుంది. బేరం మరీ పట్టు పట్టకండి. కొన్న కొయ్య బొమ్మను తడి తగలకుండా చూసుకోండి. నీళ్ల సీసా ఉన్న అరలో పెట్టారో, రంగు పోవచ్చు, అతుకు కూడా వదలొచ్చు.

6. మధ్యాహ్నం ఎండకు ఊళ్లోకి వచ్చేసి, బందరు రోడ్డులో బాపు మ్యూజియం చూడండి. 1887లో విక్టోరియా రాణి జూబిలీకి పునాది వేసిన భవనం ఇది. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడే పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. లోపల బొమ్మను బ్యాగులోనే ఉంచండి.

7. ఆదివారం మంగళగిరి వెళ్లడం కుదరదనుకుంటే, శనివారం సాయంత్రమే వన్ టౌన్‌లో వస్త్రలత అనే బట్టల హోల్‌సేల్ మార్కెట్ వైపు వెళ్లి గుడ్డ పని ముగించుకోండి. హోల్‌సేల్ కొట్లను ఆదివారానికి నమ్ముకోవద్దు. అక్కడ "చిన్న ముక్క కావాలి" అంటే ముఖం తిప్పేస్తారు, "కట్ పీసులున్నాయా" అని అడగండి. పెడన కలంకారీ జాకెట్ ముక్క దొరికితే అదీ బాగుంటుంది.

మూడో భాగం: ఆదివారం, అంబారీ

1. పొద్దున చల్లగా ఉండగానే ప్రకాశం బ్యారేజీ మీద నడవండి. 1957 నాటి కట్టడం, కిలోమీటరుకు పైగా పొడవు. ఇక్కడే బొమ్మ వీపు మీది ఉంగరంలోకి ఒక తాడు దూర్చి, రెండో కొస మీ మణికట్టుకు కట్టుకోవాలి. రెయిలింగు మీద నిలబెట్టి ఫోను తీసేలోపు గాలి కొడుతుంది. నా మొదటి ఏనుగు, పేరు గున్నయ్య, వాడికి ఉంగరం లేదు. కృష్ణార్పణం అయిపోయాడు. ఇప్పుడు నాతో తిరుగుతున్నది రెండో గున్నయ్య.

2. బ్యారేజీ దాటాక ఉండవల్లి గుహలు. కొండనే తొలిచి నాలుగు అంతస్తులు చేశారు, లోపల శయనించిన అనంతపద్మనాభస్వామి నిలువెత్తు కంటే పెద్దగా ఉంటాడు. బొమ్మను మెట్ల మీద, గట్టు మీద నిలబెట్టుకోండి. శిల్పాల మీద, దేవుడి పాదాల దగ్గర పెట్టకండి. దుర్గ గుడికి వెళ్లేవాళ్లు ఏనుగునూ ఫోన్నూ గదిలోనే వదిలి వెళ్లండి.

3. అక్కడి నుంచి మంగళగిరి. ఇక్కడి నూలు చీరకు ఒళ్లంతా సాదా, అంచు మాత్రం జరీ. నిజాం అంచు అంటారు. గోపురాల వరసలా ఉండే ఆ అంచు ఏనుగు వీపుకు కొలత తీసి నేసినట్టు ఉంటుంది. చీర కొని కోయమని చెప్పట్లేదు, పాపం తగులుతుంది. కొట్లలో చిన్న బిట్లు ఉంటాయి, అడగండి. లేదా దగ్గర్లోని టైలరు దగ్గరికి వెళ్లి కటింగ్ ముక్కలు అడగండి, ఏనుగును చూపించి మరీ. బొమ్మ చూపించకుండా అడిగితే "ఎందుకండీ" అంటారు. చూపిస్తే వాళ్లే ముక్కల సంచి బోర్లించి, ఏ రంగు బాగుంటుందో కూడా చెప్తారు. కావలసింది 8 సెం.మీ. పొడవు, 12 సెం.మీ. వెడల్పు, అంచు ఉన్నది. ఎక్కడైనా మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడితే, గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న మనిషిని ఆపకండి. పోగు తెగితే ఆయన పని ఆగుతుంది. ఆయనే తలెత్తే దాకా ఆగండి.

4. సాయంత్రం కృష్ణ ఒడ్డున గానీ, రైలు స్టేషన్లో గానీ కూర్చుని కుట్టండి. గుడ్డ నాలుగు అంచులూ అర సెంటీమీటరు లోపలికి మడిచి కుట్టాలి. జరీ ఉన్న చోట సూది గట్టిగా లాగకండి, పోగు లేచిపోతుంది. మధ్యలో చిన్న చీలిక పెట్టి దారపు ఉంగరాన్ని పైకి తీయండి, చీలిక చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టి గట్టి చేయండి. తర్వాత వీపు మీద పరిచి, వెన్ను వెంట మాత్రమే ఏనుక్కి కుట్టండి. పక్కలు వదిలేయాలి. చుట్టూ కుట్టేస్తే అంబారీలా ఉండదు, దిండుకు గలీబు తొడిగినట్టు ఉంటుంది.

5. శనివారం తీసిన ఫోటో పక్కన పెట్టుకుని, అందులోని కొయ్య ఏనుగుతో పోల్చి చూడండి. గుడ్డ రెండు పక్కలా సమానంగా దిగిందా? అంచు కంటికి అడ్డం రావట్లేదు కదా? మళ్లీ కంచం పరీక్ష చేయండి. జరీ బరువుకు ఒక పక్కకు ఒరిగితే, ఆ పక్క అర సెంటీమీటరు పైకి మడిచి కుడితే సరిపోతుంది.

వేరే ఊళ్లవాళ్లకు

అమెరికా నుంచి, బెంగళూరు నుంచి అడిగేవాళ్లకు చెప్పేది ఒకటే: బొమ్మ ఏదైనా కావచ్చు, ఒక్క భాగం మాత్రం వెళ్లిన ఊరి చేతిపని అయి ఉండాలి. హైదరాబాదులో అయితే లాడ్ బజార్లో పసిపిల్లల లక్క గాజు ఒకటి చాలు, ఏనుగు మెళ్లో హారం అయిపోతుంది. పోచంపల్లి ఇక్కత్ ముక్కలు నగరంలోనే దొరుకుతాయి. విశాఖ వైపు వెళ్తే ఏటికొప్పాక అంకుడు కర్ర లక్కపూసలు తోకకు కట్టొచ్చు. మీరున్న చోట వారాంతపు సంతలో ఉన్ని అమ్మేవాళ్లుంటే ఆ ఉన్నితో కుచ్చులు.

ఇంకా అడిగేవి

*నలుగురూ చూస్తే సిగ్గుగా ఉండదా?* మొదటి ఫోటో దాకా ఉంటుంది. పక్కన పిల్లలుంటే ముందు వాళ్ల చేతికి ఇవ్వండి, మీ పని వాళ్లే చేసేస్తారు.

*పిల్లల్ని తీసుకెళ్తే?* ఒక్కో పిల్లాడికి ఒక్కో బొమ్మ కుట్టండి. ఒకటే ఉంటే కొండపల్లి చేరేలోపు తొండం ఊడుతుంది.

*మురికైతే?* బకెట్లో ముంచకండి. పిక్కలు తడిసి ఉబ్బితే బూజు పడుతుంది. తోక దగ్గర కుట్టు విప్పి, ఫైబర్, పిక్కల మూట బయటికి తీసి, గుడ్డను సబ్బు నీళ్లలో చేత్తో ఉతకండి. అంబారీని ముందే విడదీసుకోండి, దాన్ని తడిబట్టతో అద్దితే చాలు. నీడన ఆరబెట్టి మళ్లీ కూరండి. కూరేటప్పుడు పిక్కలు ఒకసారి లెక్క చూసుకోండి. మా ఇంట్లో అయితే ప్రతిసారీ రెండు మూడు తగ్గుతున్నాయి, వామనగుంటలు ఆడేవాళ్లున్నారు.